చొక్కా సాక్ష్యం

తార్నాక మెట్రో స్టేషన్ వెనక వీధిలో ఉప్పలమ్మ ఇస్త్రీ బండి పొద్దున ఆరున్నరకల్లా మొదలవుతుంది. వారాసిగూడ నుంచి కొడుకు ఆటోలో వచ్చి దిగుతుంది. బొగ్గులు రాజేసి, పెట్టెలో పోసి, మూత బిగించి, అది వేడెక్కేలోగా పక్క హోటల్ చాయ్ తాగేస్తుంది. ముందు పిల్లల యూనిఫాంలు, తర్వాత ఆఫీసు చొక్కాలు, చివర్లో చీరలు. ఎవరైనా ఈ వరస తప్పించి "మాది కొంచెం అర్జెంటు" అన్నారో, వాళ్ళ మూట సాయంత్రం దాకా కదలదు.

ఇస్త్రీ చేసేటప్పుడు రేడియో పెద్దగా పెడుతుంది. పాటల మీద మోజుతో కాదు, బట్టల మాటలు చెవిన పడకూడదని. ఆమె బొగ్గుల పెట్టె ఆన్చగానే, ఆ బట్ట ఒంటి మీద ఉన్నప్పుడు మనిషి ఏమేం అన్నాడో అదంతా ఆ మనిషి గొంతుతోనే ఆవిరితో పాటు బయటికొస్తుంది. ముందన్నది ముందు, తర్వాతది తర్వాత. అవతలివాళ్ళ మాటలు రావు, తొడుక్కున్నవాళ్ళవే వస్తాయి. ఉతికితే పోవు. కరెంటు ఇస్త్రీకి ఊడవు. ఆ బొగ్గుల పెట్టె కింద ఒక్కసారి వచ్చేశాయంటే మాత్రం ఇక ఆ బట్టలో ఏమీ మిగలదు. పిల్లల యూనిఫాంలు ఎక్కాలు చదువుతాయి, ఆఫీసు చొక్కాలు "యెస్ సార్, యెస్ సార్" అంటాయి, చీరలు కూరగాయల బేరమాడతాయి. అందుకే ఆ వీధిలో ఒక మర్యాద ఉంది. మూట బండి మీద పెట్టి పక్కకు పోవాలి. ఇంకొకరి బట్ట దగ్గర చెవి పెట్టడమంటే ఇంకొకరి పడకగది తలుపు సందులోంచి చూడడమే.

ఒక్క సందర్భంలో మాత్రం రేడియో కట్టేస్తుంది. ఇంట్లో తగాదా వచ్చి, ఎంత చెప్పినా మాట చెల్లకపోతే, బట్టను విడిగా ముడి కట్టి ఆమెకిస్తారు. ఆదివారం పది గంటలకు ఇంటివాళ్ళందరి ముందూ ఆమె దాన్ని రుద్దుతుంది. దాన్ని బట్ట సాక్ష్యం అంటారు. దాని మీద ఇక అప్పీలు లేదు.

ఈ బండి చుట్టూ వారానికి రెండుసార్లు తిరిగేవాడు ఒకడున్నాడు. భానుప్రకాశ్. యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో సంవత్సరం, ఉండేది హాస్టల్లో, ఊరు జనగామ దగ్గర. తండ్రి పత్తి వేస్తాడు, తల్లి అమృతమ్మ రోజూ రాత్రి ఏడింటికి ఫోన్ చేస్తుంది. అతని చొక్కాలన్నీ రూమ్మేట్ నరహరి కరెంటు ఇస్త్రీతో అయిపోతాయి. మరి ఉప్పలమ్మ దగ్గరికెందుకంటే, బండికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో సుధామయి ఉంటుంది. ఊరికే నిలబడితే బాగుండదని దుప్పటి పట్టుకొస్తాడు. దుప్పటి ఇస్త్రీ చేయించుకునే హాస్టల్ కుర్రాడు భూప్రపంచంలో వీడొక్కడే.

"నీ దుప్పట్ల గురక తప్ప ఏం లేదు బిడ్డా," అనేది ఉప్పలమ్మ. "ఎందుకు తెస్తవ్ గింత దూరం?"

"నువ్వు చేస్తే మంచిగుంటది అవ్వా," అని పైకి బాల్కనీ వైపు చూసేవాడు.

సుధామయి అదే యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. బోటనీ, మొదటి సంవత్సరం. వాళ్ళది తెనాలి వైపు. తండ్రి సుందరరావు ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగంతో ఇరవయ్యేళ్ళ కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఆ ఇంట్లో పాలవాడిని కూడా "మీరు" అంటారు. కోపం వస్తే ఇంకో రెండు "అండి"లు ఎక్కువ తగిలిస్తారు. ఈ సంగతి మనవాడికి తెలియదు. లైబ్రరీలో మొదటిసారి పలకరించినప్పుడు ఆ అమ్మాయి, "ఈ కుర్చీలో మా ఫ్రెండ్ ఉందండి, మీరు వేరే చోట కూర్చుంటారా," అంది. మనవాడు హాస్టల్‌కి ఎగురుకుంటూ వచ్చాడు.

"నన్ను 'మీరు' అన్నది రా నరహరీ! 'అండి' అన్నది! పెండ్లయినంక అనేటిది ఇప్పుడే అంటున్నది!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ రాత్రే మనవాడు పెళ్ళి తర్వాత కాపురం ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించాడు. నమ్మకానికి లోటు లేదు. ఫోన్లో వీడియోలు చూస్తాడు. అమ్మాయి కళ్ళల్లోకి ఎన్ని సెకన్లు చూడాలి, ఎప్పుడు దారికి అడ్డంగా నిలబడి నవ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. అలాగని మోసగాడు కాదు. నిజంగానే ఇష్టపడ్డాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. తన మనసు మంచిది కాబట్టి తను చేసేదంతా మంచిదే అనుకున్నాడు. "నేను సిన్సియర్" అన్న మాట రోజుకు పదిసార్లు అనేవాడు.

నెల గడిచింది. హాస్టల్లో అందరూ "ఏమైంది రా, ఎక్కడిదాకొచ్చింది?" అని అడుగుతుంటే తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక, "నిన్న నాతోని బండి మీద ట్యాంక్‌బండ్ దాకా వచ్చింది," అన్నాడు. పచ్చి అబద్ధం. కానీ అతనికి అబద్ధమనిపించలేదు. రేపు జరగబోయేదాన్ని ఇవాళ చెప్పాను, అంతే కదా అనుకున్నాడు. నరహరి ఇంకొకరికి చెప్పాడు. ఆ ఇంకొకరి క్లాస్‌మేట్ తల్లి ఆ అపార్ట్‌మెంట్లోనే నాలుగో అంతస్తు. లిఫ్టులో సుధామయి తల్లి వేదవతి కనపడితే, "మీ అమ్మాయి మంచి అబ్బాయినే చూసుకుందట కదండీ," అంది. ఆ మాట రెండో అంతస్తు చేరడానికి ఎంతసేపు పడుతుంది!

మనవాడికి ఇదేదీ తెలియదు. శనివారం సాయంత్రం దుప్పటి చంకన పెట్టుకుని వచ్చాడు.

ఉప్పలమ్మ అప్పుడే చీరల మూట ఎత్తుకుంటోంది. "మంచిగొచ్చినవ్. జర బండి చూస్తుండు బిడ్డా, పైన అయిదో అంతస్తుల ఇచ్చొస్తా. పెట్టెల నిప్పున్నది, ముట్టకు. గా ముడి మూట అసలే ముట్టకు. రేపు పది గంటలకు సాక్ష్యమున్నది."

"నువ్వు పోయిరా అవ్వా, నేనున్న కదా," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. మనవాడు బండి దగ్గర నిలబడ్డాడు. ముడి కట్టిన తెల్ల గుడ్డ అంచు కింద ఆవపిండి రంగు బట్ట కనపడింది. చేతి అంచు మీద సిరా మరక. ఆ కుర్తా తనకు తెలుసు. మొన్న బుధవారం లైబ్రరీ గేటు దగ్గర సుధామయి వేసుకున్నది అదే. ఆ రోజు తనతో మాట్లాడింది. నవ్వింది కూడా.

సాక్ష్యమంటే ఇంట్లో తగాదా. తగాదా అంటే ప్రేమ సంగతి ఇంట్లో చెప్పేసి ఉంటుంది! వాళ్ళు ఒప్పుకోకపోతే కుర్తాతో చెప్పించబోతోంది! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంకో ఆలోచనే రాలేదు. ఒక్క ముక్క వింటే ఏం పోతుంది, నా గురించే కదా అనుకున్నాడు. వీధి అటూ ఇటూ చూశాడు. ముడి విప్పాడు. ఇస్త్రీ చెయ్యడం ఎంతసేపు, అదేమన్నా బ్రహ్మవిద్యా అని పెట్టె ఎత్తి కుర్తా మీద ఆన్చాడు.

ఆవిరి లేచింది. సుధామయి గొంతు.

"గుడ్ మార్నింగ్ మేడమ్. ప్రెజెంట్ మేడమ్." తర్వాత ఏవో మొక్కల పేర్లు. తర్వాత, "వద్దండి. నేను నడిచి వెళ్తాను. లేదండి, నంబర్ ఇవ్వడం నాకిష్టం లేదు. ఇంతకుముందు కూడా మూడుసార్లు చెప్పానండి. దయచేసి దారి వదలండి, మెట్రో పోతుంది." కాస్త ఆగి ఒక నవ్వు. చిన్నది, సన్నటిది. మనవాడు నాలుగు రోజులుగా తల్చుకుని తల్చుకుని మురిసిపోతున్న నవ్వు.

ఆ వెంటనే ఇంట్లో మాటలు. "అవును నాన్నా, నవ్వానని నేనే చెప్తున్నాను. నవ్వకపోతే ఏం చేస్తాడో అని నవ్వాను. భయమేసింది. చుట్టూ ఎవరూ లేరు... ట్యాంక్‌బండా? నేనా? అమ్మా, నువ్వు కూడా నమ్ముతున్నావా? సరే. మానేస్తాను. సోమవారం టీసీకి పెట్టేస్తాను, దూరవిద్యలో చదువుకుంటాను. కానీ ఒక్క మాట నాన్నా. ఈ కుర్తా ఉప్పలమ్మకిస్తాను. ఆదివారం మీరొచ్చి వినండి. విన్నాక కూడా మానెయ్యమంటే మానేస్తాను."

అంతే. ఆపైన ఏమీ లేదు. మనవాడి చెయ్యి బిగుసుకుపోయింది. మాడు వాసన వచ్చేదాకా పెట్టె అక్కడే ఉంది. ఎత్తి చూస్తే వీపు మీద గోధుమరంగు మచ్చ, అచ్చం పెట్టె ఆకారంలో.

భయమేసింది అన్నది. నన్ను చూసి. వాడికి ఆ ఒక్క ముక్క దగ్గరే బుర్ర ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లిగా రెండోది తట్టింది. ఆ పిల్లకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఇప్పుడు తనే మింగేశాడు. ఇక ఆ కుర్తా పలకదు.

అప్పుడేం చేశాడంటే, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మాడిన చోటు లోపలికి పోయేలా మడత పెట్టి, మళ్ళీ ముడి కట్టి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఉప్పలమ్మ వచ్చి "ఏందో మాడిన వాసనొస్తుంది" అంటే, "హోటల్ల అయ్యుంటది" అన్నాడు. దుప్పటి అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఆదివారం పది గంటలకు ఉప్పలమ్మ రేడియో కట్టేసింది. సుందరరావు తెల్ల చొక్కాలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పక్కన వేదవతి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధామయి బండికి దగ్గరగా, వెన్ను నిటారుగా పెట్టి నిలబడింది. ఆమె భుజానికి క్యాంపస్‌కి తీసుకెళ్ళే సంచీ ఉంది.

మనవాడు హోటల్ పక్కన, సిలిండర్ల చాటున ఉన్నాడు. నీలం చొక్కా వేసుకున్నాడు. అది తనకు బాగుంటుందని వాడి నమ్మకం. క్షమాపణ చెప్పడానికి వస్తూ కూడా బాగుండే చొక్కా వెతుక్కున్నాడు చూడండి! వచ్చి అరగంటయింది. అడుగు ముందుకు పడట్లేదు, వెనక్కీ పడట్లేదు. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుంటున్నాడు.

ఉప్పలమ్మ ముడి విప్పి, కుర్తా దులిపి పరిచింది. మచ్చ కనపడింది. ఆమె ముఖం నల్లబడింది. "అయ్యో దేవుడా," అని పెట్టె ఆన్చింది. ఆవిరి లేచింది. మాట లేదు. చేతులు రుద్దింది, మెడ రుద్దింది, అంచులు రుద్దింది. ఏమీ లేదు.

"ముప్పయి ఏండ్లల్ల నా బండి మీద గిట్ల ఎన్నడు కాలేదయ్యా. ఎవరో ముట్టిన్రు," అంది.

సుందరరావు కుర్తా వంక చూశాడు, కూతురి వంక చూశాడు. గొంతు పెంచలేదు. "ఇది పలక్కపోతే ఎవరికి లాభమమ్మా?" అన్నాడు.

"నాకు కాదు నాన్నా," అంది సుధామయి.

"మరెవరికి?"

ఏడుస్తుందేమో అనుకున్నాడు మనవాడు. ఏడవలేదు. సంచీలోంచి ఒక కాయితం తీసింది. టీసీ ఫారం. తండ్రి సంతకం పెట్టే చోట వేలు పెట్టి చూపించి, బండి చెక్క మీద పరిచింది. సుందరరావు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. పెన్ను కాయితం మీదికి వెళ్ళింది.

అప్పుడు కదిలాడు మనవాడు. "సార్, ఆగుండ్రి," అని పరుగెత్తుకొచ్చాడు. సుధామయి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రెండడుగులూ వాడు చూశాడు.

"నేనే కాల్చిన సార్. నిన్న నేనే రుద్దిన, దొంగతనంగ విన్న. ట్యాంక్‌బండ్ మాట కూడ నేనే పుట్టిచ్చిన. మీ బిడ్డ ఏం చెయ్యలే."

సుందరరావు అతన్ని పైనుంచి కిందకి చూశాడు. "మీరేనా ఆ అబ్బాయి? ఇప్పుడు మీరు మా అమ్మాయిని కాపాడ్డానికి అబద్ధం చెప్పడం లేదని ఏమిటండీ నమ్మకం? మీరిద్దరూ అనుకునే వచ్చారేమో."

నోరుంది కదా అని ఇన్నాళ్ళు వాడుకున్నాడు. కావలసిన రోజున ఆ నోటికి విలువ లేకపోయింది. మనవాడు ఉప్పలమ్మ వైపు చూశాడు. ఆమె కుర్తానూ కాయితాన్నీ పక్కకు జరిపి, ఖాళీ అయిన చెక్క వైపు చూసింది.

గుండీలు విప్పాడు. చొక్కా తీసి ఆమె చేతికిచ్చాడు. ఆదివారం పొద్దున, నడివీధిలో, చంకల దగ్గర చిరిగిన బనియన్తో నిలబడ్డాడు. "ఎన్నడూ బొగ్గుల ఇస్త్రీ చెయ్యలే అవ్వా. ఎనిమిది నెలలవన్ని అట్లనే ఉన్నయ్. రుద్దు."

పెట్టె ఆనింది. నీలం చొక్కా ఏమీ దాచుకోలేదు.

"చూస్తుండు రా నరహరీ, పదిహేను రోజులు. నన్ను కాదనే పిల్ల పుట్టలే ఇంకా." హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. మర్యాద ప్రకారం వాళ్ళు పక్కకు పోవాలి. పోలేదు. "కాదన్నదంటే అవునన్నట్టే రా. ఆడపిల్ల మొదటిసారే అవునంటదా?" వేదవతి కళ్ళు మూసుకుంది. "నిన్న నాతోని ట్యాంక్‌బండ్ దాకా వచ్చింది రా. ఎన్కనుంచి గట్టిగ పట్టుకొని కూసున్నది." ఆ వెంటనే అదే గొంతు, కాస్త నీరసంగా, "హలో అమ్మా. ఎక్కడికి పోలే. నిన్న పొద్దటి సంది రూంలనే ఉన్న. మోషన్స్ అమ్మా. పెరుగన్నమే తింటున్న. నిన్నంత నరహరిగాడు ఊరికి పోయుండె, ఒక్కన్నే ఉన్న. ఇయ్యాల్నే వచ్చిండు."

చాయ్ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సుందరరావు నవ్వలేదు. పెన్నుకు మూత పెట్టాడు.

ఉప్పలమ్మ ఆపలేదు. భుజం రుద్దింది, వీపు రుద్దింది. "ఒక్క నిమిషం ఆగు. ఎందుకు భయపడుతున్నవ్? నేను సిన్సియర్. నంబరియ్యి. ఇయ్యకుంటే ఈ గేటు దాటనియ్య... అరె, జోక్ చేసిన. జర నవ్వు. నవ్వు మరి." ఆ మాట తన నోటి నుంచి వచ్చినప్పుడు ఎంతో ముద్దుగా ఉందనుకున్నాడు. ఇప్పుడు పక్కన నిలబడి వింటే ఎవరో రౌడీ గొంతులా ఉంది. వేదవతి చెయ్యి చాచి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "నాకెందుకు చెప్పలేదే," అంది. "చెప్పానమ్మా," అంది సుధామయి.

అయిపోయిందనుకున్నాడు మనవాడు. గుండె చిక్కబట్టుకున్నాడు. ఇక తను చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. నోరు తెరిచాడు.

కానీ కాలరు ఇంకా మిగిలి ఉంది. ఉప్పలమ్మ అది కూడా రుద్దింది. ఇవాళ పొద్దున్నవి.

"సుధా, నన్ను క్షమించు. ఊహూఁ. గొంతు ఇంకా తగ్గియ్యాలె. సుధామయి గారూ, నేను మిమ్మల్ని బాధపెట్టిన... ఆఁ, ఇది మంచిగున్నది. ఇక్కడ కండ్లల్ల నీళ్ళొస్తే ఇంకా మంచిగుంటది. తండ్రి ముందట తప్పు ఒప్పుకునేటోన్ని ఏ పిల్ల కాదంటది? గిట్లంటే కరిగిపోతది."

వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మనవాడి తెరిచిన నోరు అలాగే ఉంది. కళ్ళల్లో నీళ్ళు నిజంగానే వచ్చాయి. ఇప్పుడు అవి ఎవరికి చూపించాలి? మోచేత్తో తుడుచుకుందామంటే అది కూడా నటనలా ఉంటుందని తుడుచుకోలేదు.

సుధామయి అతన్ని చూసింది. కోపంగా కాదు, అసహ్యంగా కూడా కాదు. బస్సు నంబరు చదివినట్టు చూసి, ముఖం తిప్పుకుంది.

సుందరరావు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూతురితో ఏదో చెప్పాలని చాలా ప్రయత్నించి చివరికి, "రేపు ఎన్నింటికమ్మా నీ క్లాసు?" అన్నాడు.

"తొమ్మిదిన్నరకి నాన్నా."

"సరే. టిఫిన్ తినే వెళ్ళు," అన్నాడు. ముగ్గురూ రోడ్డు దాటి గేట్లోకి వెళ్ళిపోయారు.

ఉప్పలమ్మ చొక్కా మడవకుండా అలాగే ఇచ్చింది. "తొడుక్కో బిడ్డా," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. వేడి చొక్కా తొడుక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా క్యాంపస్ దాకా నడిచాడు.

హాస్టల్ మెస్సులో ఆదివారం చికెన్. నలభై మంది దాకా ఉన్నారు. నరహరి దూరం నుంచే చెయ్యి ఊపి, "ఏమైంది రా, పొద్దుగాల తయారై పోయినవ్? ఒప్పుకున్నదా?" అని అరిచాడు. అందరూ తలలు ఎత్తారు.

"కాదన్నది," అన్నాడు భానుప్రకాశ్. "మొదటి రోజు సంది కాదనే అంటున్నది. ట్యాంక్‌బండ్ కూడ రాలే. నేనే అబద్ధం చెప్పిన."

మూల బల్ల దగ్గర నుంచి ఎవడో, "ఏందీ? ఇనవడలే, మళ్ళ చెప్పు," అన్నాడు. మెస్సంతా గొల్లుమంది.

నవ్వులు తగ్గేదాకా ఆగి, భానుప్రకాశ్ మళ్ళీ చెప్పాడు.